చీపురుకర్ర శ్రుతి

పాటల పుస్తకం కమిటీకి నా నాలుగో ఉత్తరం వెళ్లిన వారంలోనే ఆ డబ్బా మా గుమ్మం ముందుకు వచ్చింది. ఉత్తరం అంటే ఈమెయిలే. కాని నేను ఈమెయిల్‌ను కూడా ఉత్తరంలాగే రాస్తాను: పైన సంబోధన, కింద సంతకం, మధ్యలో అన్యాయానికొక పేరా. అమెరికా తూర్పు తీరంలో ఉన్న తెలుగు చర్చిలన్నీ కలిసి కొత్త కీర్తనల పుస్తకం అచ్చు వేస్తున్నాయి. అందులో మా అమ్మ రాసిన పాట ఒకటుంది. ఆ పాటకు బాణీ ఇచ్చిన మనిషి పేరు దాని కింద పడాలని నేను నలభై ఏళ్లకు పైగా అడుగుతున్నాను. ఇప్పటికి ఆ పాట మూడు పుస్తకాల్లో అచ్చయింది. మూడింట్లోనూ వేరే ఆయన పేరే ఉంది. ఈసారి పుస్తకానికి సంపాదకుడు అల్ఫారెట్టాలో ఉండే ప్రభాకర్. వేరే ఆయన అన్నానే, ఆయనకు స్వయానా అల్లుడు. "ప్రార్థనాపూర్వకంగా పరిశీలిస్తాం అక్కా" అని నా మొదటి ఉత్తరానికి జవాబిచ్చాడు. రెండోదానికీ మూడోదానికీ అదే వాక్యం, అక్షరం మారకుండా. నాలుగోదానికి అదీ లేదు.

డబ్బా విల్మింగ్టన్‌లో సముద్రం దగ్గరున్న ఒక నర్సింగ్ హోమ్ నుంచి వచ్చింది. లోపల ఒక చిన్న గ్రామఫోన్ రికార్డు, ఒక క్యాసెట్, టైపు చేసిన కాగితం ఒకటి. ఒదీల్ గారు కన్నుమూశారనీ, ఈ రెండు వస్తువులూ నాకు చేర్చమని ముందే చెప్పి ఉంచారనీ ఆ కాగితంలో ఉంది. అమ్మ పాటకు బాణీ ఇచ్చిన మనిషి ఆమే. ఆమె పోయిందని నాకు అది చదివేదాకా తెలియదు. ఎవరూ ఫోన్ చేయలేదు. చేయాల్సినవాళ్లు ఎవరో కూడా నాకు తెలియదు కాబట్టి ఈ ఒక్క విషయంలో ఎవరిని తప్పుపట్టాలో తేల్చుకోలేకపోయాను. రికార్డు అట్ట మీద ఆకుపచ్చ ఫ్రాకు వేసుకున్న ఇరవయ్యొక్కేళ్ల అమ్మాయి బొమ్మ. నలుపు తెలుపు బొమ్మే, కాని ఆ ఫ్రాకు ఆకుపచ్చదని నాకు తెలుసు. ఆ రంగు గురించి నేను కనీసం యాభైసార్లు విన్నాను.

ఇప్పుడు నేనుంటున్న మోరిస్‌విల్‌లో ఇడ్లీపిండి మూడు దుకాణాల్లో దొరుకుతుంది. అప్పుడు మేమున్నది ఇక్కడికి గంటన్నర దూరంలో, మేజోళ్లు నేసే మిల్లుల ఊరు. రాజమండ్రి నుంచి వచ్చేటప్పటికి నాకు తొమ్మిదేళ్లు. అమ్మ అక్కడి ఆసుపత్రిలో నర్సు. నాన్న మిల్లులో రంగులు కలిపే ల్యాబ్‌లో పనిచేసేవాడు. ఆయన గోళ్లు వారానికొక రంగులో ఉండేవి. రెండంతస్తుల చెక్క ఇంట్లో పై వాటా మాది. అమ్మ నాలుగింటికి డ్యూటీ దిగి వచ్చి, తెల్ల యూనిఫాం విప్పి తలుపు వెనుక కొక్కేనికి తగిలించి, చీర కట్టుకుని, సూట్‌కేసులో అడుగున తెచ్చుకున్న చింతపండులోంచి నిమ్మకాయంత తీసి నానబెట్టేది. ఆ తర్వాత పొద్దుటి గిన్నెలు తోమేది. తోముతున్నంతసేపూ పాడేది. తెలుగు కీర్తనలు అమ్మకు పుస్తకం అక్కర్లేకుండా నూటయాభై దాకా వచ్చు. గిన్నెలు అయిపోయినా పాట అవకపోతే, శుభ్రంగా ఉన్న గిన్నె ఒకటి తీసి మళ్లీ తోమేది.

మేము దిగిన రెండో వారంలో కింది నుంచి చప్పుడు మొదలైంది. కాళ్ల కింద చెక్క మీద ఠక్ ఠక్ అని రెండు దెబ్బలు. అమ్మ గొంతు తగ్గించింది. మర్నాడు మళ్లీ ఠక్ ఠక్. ఇంకా తగ్గించింది. మూడో రోజు అసలు పెదవులే కదపకుండా ముక్కుతో పాడింది. అయినా దెబ్బలు పడ్డాయి. నాలుగో రోజు అమ్మ పాడటం మానేసింది. ఇంట్లో నీళ్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. పాడకపోతే అమ్మ గిన్నెలు ఎంత త్వరగా తోమేస్తుందో అప్పుడే చూశాను. ఆరో రోజు తలుపు కొట్టిన చప్పుడైంది. చేతిలో చీపురు పట్టుకుని ఒక తెల్లావిడ నిలబడి ఉంది. నోట్లో వెలిగించని సిగరెట్టు.

"ఎందుకు ఆపేశారు?" అని అడిగింది. ఆమె ఇంగ్లీషు టీవీలో వచ్చే ఇంగ్లీషులా లేదు. అందుకని నాకు బాగా అర్థమైంది.

"మీకు ఇబ్బందిగా ఉందని..." అన్నది అమ్మ.

"ఇబ్బందేం లేదు. రెండో చరణంలో మీ శ్రుతి కిందికి జారుతోంది. రోజూ అక్కడే జారుతోంది. నేను కొట్టేది సరిగ్గా అక్కడే. మీరు గమనించలేదా?"

అమ్మ టీ ఇచ్చింది, బిస్కెట్లు పెట్టింది, మెట్ల దాకా వెళ్లి సాగనంపింది. తలుపు వేసి గడియ పెట్టాక నా వైపు తిరిగింది. "ఎంత పొగరే ఈవిడకి! మా నాన్న రాజమండ్రిలో ఇరవయ్యేళ్లు కొయిర్ నడిపాడు. నాకు శ్రుతి చెప్తదా, చీపురుకర్రతో!" అన్నది. మర్నాడు కావాలని అదే పాట ఎత్తుకుంది. రెండో చరణం రాగానే చేతిలో గిన్నె కిందపెట్టి, ఊపిరి పట్టి, ఒక్కొక్క మాటా మెట్టు ఎక్కినట్టు పాడింది. ఠక్ మని ఒకే దెబ్బ. రెండు కాదు, ఒకటి. "సగం ఒప్పుకుంది" అన్నది అమ్మ. పది రోజులకు ఆ ఒక్క దెబ్బా ఆగిపోయింది. అమ్మ నేలవైపు చూస్తూ, "ఇప్పుడేమంటావ్?" అన్నది. నాకు తెలిసి అమ్మ జీవితంలో ఎవరి మీదనైనా పూర్తిగా గెలిచింది ఆ ఒక్కసారే.

ఒదీల్ ఆంటీ అలా మా ఇంటికి వచ్చింది, మేము ఆమె ఇంటికి వెళ్లాం. కింది వాటాలో వెన్న వాసన, సిగరెట్ వాసన, చెక్కకు పట్టించే పాలిష్ వాసన కలిసి ఉండేవి. ఆమె భర్త రే ఫర్నిచర్ లారీ నడిపేవాడు. వారంలో నాలుగు రోజులు ఇంట్లో ఉండేవాడు కాదు. ఉన్నప్పుడు మాట్లాడేవాడు కాదు. సైన్యంలో ఉండగా ఫ్రాన్సులో ఆమె పాట విని పెళ్లి చేసుకున్నాడట. గోడకు ఆనించి ఒక పియానో ఉండేది. దాని మీద ఫోటోలు ఉండేవి కావు, ఇస్త్రీకి మడిచిన చొక్కాలు ఉండేవి. అమ్మ డ్యూటీ నుంచి వచ్చేదాకా నేను బడి అయ్యాక అక్కడే కూర్చునేదాన్ని. బుధవారం ఆమె ఇస్త్రీ రోజు. నేను గిన్నెలో నీళ్లు పెట్టుకుని చొక్కాల మీద చిలకరిస్తుంటే, ఆమె ఇస్త్రీ చేస్తూ తన పోటీల సంగతులు చెప్పేది. చొక్కాకొక పోటీ. మొత్తం ఐదు. ఐదు చొక్కాలు అయిపోతే మళ్లీ మొదటికి వచ్చేది.

మొదటి చొక్కా యూరప్ దేశాల పాటల పోటీ. ఏటా దేశానికొక పాట వస్తుంది, ఒక్కొక్క దేశం జడ్జీలు మిగతా దేశాలకు మార్కులు వేస్తారు. ఇరవయ్యొక్కేళ్లకు ఆమె ఫ్రాన్సు తరఫున పాడింది. రైలు ప్లాట్‌ఫాం మీద వానలో గొడుగు పట్టుకుని ఒకరి కోసం ఎదురుచూసే అమ్మాయి పాట అది. ఆమె బాణీ తనే కట్టుకుంది, పందొమ్మిదేళ్లప్పుడు, వాళ్లమ్మ వంటింటి బల్ల మీద వేళ్లతో కొడుతూ. రికార్డు మీద మాత్రం స్వరకర్తగా స్టూడియో యజమాని పేరు అచ్చయింది. పిల్లలు పాడతారు, పెద్దలు కడతారు అన్నాడట ఆయన. ఆకుపచ్చ ఫ్రాకు వాళ్లమ్మ కుట్టింది. అప్పటి టీవీలన్నీ నలుపు తెలుపు కాబట్టి ఆ ఆకుపచ్చ అన్ని దేశాలకూ బూడిద రంగులో కనబడింది. మూడు మార్కుల తేడాతో రెండో స్థానం. రెండో చొక్కా జపాన్. అక్కడి వాద్యబృందం నాయకుడికి ఏం తొందరో, మూడు నిమిషాల పాటను రెండున్నర నిమిషాల్లో పరిగెత్తించాడు. ఆమె వెనకాల పడి పాడింది. ఒక విసనకర్ర, ఒక ట్రాన్సిస్టర్ రేడియో ఇచ్చి పంపారు. ఆ రేడియో మీదే మేము వార్తలు వినేవాళ్లం. మూడోది పోలాండులో, సముద్రం ఒడ్డున, కప్పు లేని స్టేజీ మీద. గొడుగు పాట కాని పాట పాడిన రోజే వాన పడింది. నాలుగో స్థానం. నాలుగో చొక్కా చిలీ. జనం ఆమెను వదలకుండా మూడుసార్లు పాడించుకున్నారు, జడ్జీలు మూడో స్థానం ఇచ్చారు. ఐదోది మళ్లీ యూరప్ పోటీయే. ఫ్రాన్సు ఆమెను రెండోసారి పంపనంటే, పక్కనే ఉన్న బుల్లి దేశం తరఫున వెళ్లి పాడింది. చివరినుంచి రెండో స్థానం. సొంత దేశం జడ్జీలు ఆమెకు ఒక్క మార్కు కూడా వేయలేదు. అది చెప్పేటప్పుడు కూడా ఆమె ఇస్త్రీపెట్టె ఆగేది కాదు. కాలర్ మడత తిప్పి, "ఆ తర్వాత రేని పెళ్లి చేసుకున్నాను" అనేది. అక్కడితో చొక్కాలు అయిపోయేవి.

నాకు ఒళ్లు మండిపోయేది. ఆ దేశాల పేర్లన్నీ నా లెక్కల నోటుబుక్కు వెనక అట్ట మీద రాసుకున్నాను, ఎవరు ఎన్ని మార్కులు వేశారో సహా. బడిలో భూగోళం మాస్టారు మ్యాప్ చూపించి ఏ దేశం ఎక్కడుందని అడిగితే, అందరికంటే ముందు నేనే చెప్పేదాన్ని. ఒక్కొక్క దేశం మీదా నాకు సొంత కారణం ఉండేది. ఒదీల్ ఆంటీ మాత్రం ఎవరినీ ఏమీ అనేది కాదు. "మీకు కోపం రాదా?" అని అడిగాను ఒకసారి. "కృపా, జడ్జీల ముఖాలు ఎప్పుడూ చూడకు. నేను చూశాను. అందరూ భోజనం గురించి ఆలోచిస్తుంటారు" అన్నది.

ఆ రోజుల్లో తెలుగు ఆరాధన నెలకొకసారే, రెండో శనివారం, ఒక అమెరికన్ చర్చివాళ్లు దయతలచి ఇచ్చిన నేలమాళిగ గదిలో జరిగేది. ఏడు కుటుంబాలు. కొందరు రెండు గంటలు డ్రైవ్ చేసి వచ్చేవారు. వారమంతా బీమా కంపెనీలో పనిచేసి ఆ ఒక్క రోజు మాకు అయ్యగారుగా ఉండే నతానియేలు గారు ప్రసంగం చెప్పేవారు. గదిలో పియానో ఉంది, వాయించేవాళ్లు లేరు. అమ్మ ఒకనాడు ఒదీల్ ఆంటీని కారెక్కించుకుని తీసుకొచ్చింది. అయ్యగారి భార్య, మేమందరం అమ్మగారు అనేవాళ్లం, అమ్మను పక్కకు పిలిచింది.

"ఆవిడ విశ్వాసురాలేనా ఎస్తేరూ?"

"పియానో వాయిస్తుందండి."

"అది సరే, విశ్వాసురాలేనా అని."

"శ్రుతి విషయంలో చాలా విశ్వాసం అండీ" అన్నది అమ్మ.

తెలుగు ఒక్క ముక్క రాకుండా ఒదీల్ ఆంటీ మా కీర్తనలు రెండేళ్లు వాయించింది. అమ్మ నోరు చూస్తూ వాయించేది. ఆ రెండేళ్ల మధ్యలో, క్రిస్మస్ ముందు ఒక శనివారానికి కొత్త పాట కావాల్సి వచ్చింది. అమ్మ దగ్గర మాటలు ఉన్నాయి, బాణీ లేదు. కింది వాటాలో పియానో దగ్గర కూర్చుని ఒదీల్ ఆంటీ గొడుగు పాట వాయించింది. అమ్మ విన్నది, ఇంకోసారి వాయించమన్నది, ఆసుపత్రి చార్టు కాగితం వెనక రాసింది. రైలు పోయింది, గొడుగు పోయింది, వాన మిగిలింది. "వాన కురిసినా, వెలుగు తరిగినా, వాకిట నిలిచి వేచియున్నాను" అని పల్లవి. ప్రియుడి స్థానంలో ప్రభువు వచ్చాడు. మిగతాది మార్చాల్సిన పనే పడలేదు. ఎదురుచూడటం ఎవరికోసమైనా ఒకలాగే ఉంటుందని నాకు అప్పుడు తెలియదు.

ఆ శనివారం పాట అయింది. అయ్యగారు కళ్లజోడు తీసి తుడుచుకుని లేచారు. "సహోదరులారా, ఇది దొరసానుల కాలం నాటి రాగం. నర్సాపురంలో మా నాయనమ్మ ఒళ్లో కూర్చుని విన్నాను నేను. ఎన్నాళ్లకు విన్నాను మళ్లీ!" అన్నారు. ఆయన అబద్ధం చెప్పలేదు, అది నేను ఇప్పటికీ ఒప్పుకుంటాను. మనవాళ్లకు నెమ్మదిగా సాగే ఇంగ్లీషు బాణీ ఏది వినబడినా, అది ఎవరో మిషనరీ దొరసాని హార్మోనియం పెట్టెలో పెట్టుకుని ఓడ దిగినట్టే అనిపిస్తుంది. నాయనమ్మ ఒడి కూడా దానంతటదే గుర్తొస్తుంది. ఒదీల్ ఆంటీ నా చెవిలో, "ఏమంటున్నాడు?" అని అడిగింది. చెప్పాను. ఆమె రుమాలు నోటికి అడ్డం పెట్టుకుంది. "నేను ఆయన నాయనమ్మకంటే చిన్నదాన్నని చెప్పు" అన్నది. చెప్పబోయాను. అమ్మ నా తొడ గిల్లింది.

మరుసటేడు మాకోసం సైక్లోస్టైల్ పాటల పుస్తకం వచ్చింది. ఇరవైయేడో పాట. రచన: ఒక సహోదరి. స్వరం: రెవ. నతానియేలు. సహభోజనంలో అందరూ పులిహోర తింటుండగా నేను లేచి నిలబడి, ఇది తప్పు కదా అయ్యగారూ అని అడిగాను. నాకు పన్నెండేళ్లు. "స్వరం దగ్గర ఖాళీ ఉంది, ఏం కొట్టమంటారని టైపు చేసేవారు అడిగారమ్మా. ఏదో ఒకటి ఉండాలిగా. రాగం గుర్తుపట్టింది నేనే కదా" అన్నారాయన, ఎంతో మృదువుగా. నాన్న నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు. అమ్మ తన పేరు లేకపోవడం గురించి ఒక్క మాట కూడా అనలేదు. "నా సంగతి వదిలెయ్" అన్నది. వదిలేశాను. ఒదీల్ ఆంటీ సంగతి మాత్రం వదల్లేదు.

ఆ ఏడాది థాంక్స్‌గివింగ్‌కు అట్లాంటాలో తెలుగు సంఘాల సభలు జరిగాయి. పిల్లలకు పాటల పోటీ పెట్టారు. నేను ఇరవైయేడో పాటే పాడాను, ఒదీల్ ఆంటీ వాయించింది. తప్పు పోలేదు. నాకు రెండో బహుమతి ఇచ్చారు, స్టీలు టిఫిన్ డబ్బా. మూడో చరణం మరచిపోయి మొదటి చరణం మళ్లీ పాడిన అబ్బాయికి మొదటి బహుమతి. అతను ఇప్పుడు డల్లాస్‌లో దంతవైద్యుడు. జడ్జీల్లో ఒకాయన నాన్నతో అన్న మాట నాకు అక్షరాలా గుర్తుంది: "పియానో ఆవిడకు తెలుగు రాదు కదండీ, అందుకని అమ్మాయికి భావం రాలేదు." తిరుగు ప్రయాణంలో వెనక సీట్లో నేను ఏడుస్తుంటే ఒదీల్ ఆంటీ టిఫిన్ డబ్బా తెరిచి చూసింది. మూత బిగువుగా ఉందో లేదో రెండుసార్లు తిప్పి చూసింది. "విసనకర్ర కంటే ఇది నయం" అన్నది.

తర్వాత రే మోకాళ్లు పాడై లారీ మానేశాడు, వాళ్లు సముద్రం దగ్గరకు వెళ్లిపోయారు. మేము కూడా ఇల్లు మారాం. నేను పెద్దదాన్నయ్యాను, ఉద్యోగం చేశాను, రిటైరయ్యాను. పాట మాత్రం ఆగలేదు. గుంటూరులో అచ్చయిన పుస్తకంలోకి వెళ్లింది, అక్కడి నుంచి ఇంకో పుస్తకంలోకి. ప్రతిసారీ నేను ఉత్తరం రాశాను. ప్రతి క్రిస్మస్‌కూ ఒదీల్ ఆంటీకి ఫోన్ చేసి, ఎవరికి రాశానో, వాళ్లు ఏమి బుకాయించారో వివరంగా చెప్పేదాన్ని. ఆమె మొత్తం వినేది. "ఇంకా రాస్తున్నావా? మంచిది" అనేది. అమ్మ పోయిన ఏడు కూడా అదే అన్నది. మంచిది అన్న మాటను నేను అనుమతి అనుకున్నాను.

డబ్బాలో వచ్చిన క్యాసెట్ మీద అమ్మ అక్షరాలతో "కొత్త పాట, అభ్యాసం" అని ఉంది. వినడానికి నా దగ్గర ప్లేయర్ లేదు. మా వీధిలో ఉండే హన్నా వాళ్ల నాన్న గరాజ్‌లో వెతికి ఒకటి తెచ్చింది. హన్నాకు పదిహేనేళ్లు, ఇక్కడే పుట్టింది, ఆదివారం నా కార్‌లోనే చర్చికి వస్తుంది. కొత్త పుస్తకం అల్ఫారెట్టా సభల్లో విడుదలవుతుంది. అక్కడి పిల్లల పోటీలో తను అమ్మ పాటే పాడబోతోంది. ప్లేయర్‌ను అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఆంటీ, దీనికి బ్లూటూత్ లేదా? మరి సౌండ్ ఎలా వస్తది?"

"మూత తెరిచి పెట్టు. అదే వస్తుంది."

వచ్చింది. ముందు పియానో. పల్లవి మధ్యలో అమ్మ గొంతు, నాకిప్పుడున్న వయసులో సగం వయసు గొంతు. ఆగారు, మళ్లీ మొదలుపెట్టారు. పాట పూర్తయ్యాక కాగితం చప్పుడు, అమ్మ ఇంగ్లీషు: "ట్యూన్ దగ్గర మీ పేరు రాస్తున్నాను. స్పెల్లింగ్ చెప్పండి."

"వద్దు, ఎస్తేర్."

"ఎందుకు వద్దు? మీదే కదా."

"ఒకసారి ఇంకొకరి పేరుతో వెళ్లింది, నా ముఖంతో వెళ్లింది, ఓడిపోయి వచ్చింది. ఈసారి ఎవరి పేరూ లేకుండా వెళ్లనీ. ఎంత దూరం పోతుందో చూద్దాం."

తర్వాత అమ్మ, "అయితే నా పేరూ వద్దు. ఒక్కదాన్నే ఉంటే ఏం బాగుంటుంది" అన్నది.

అప్పుడు మూడో గొంతు వినబడింది. సన్నగా, బాగా దగ్గరగా, తెలుగులో: "పేరు లేకపోతే ప్రైజ్ ఎవరికిస్తారమ్మా?" ఇద్దరు ఆడవాళ్లూ నవ్వారు. ఒదీల్ ఆంటీ అర్థం కాకుండానే నవ్వింది. టేపు అయిపోయింది.

"ఆంటీ! అది మీరా? సో క్యూట్!" అన్నది హన్నా.

నేనే. ఎవరు ఏ భోజనాల దగ్గర ఏ మాట అన్నారో నలభై ఏళ్ల తర్వాత చెప్పగలిగేదాన్ని. ఆ గదిలో ఉండి, ఆ ప్రశ్న అడిగి, ఆ జవాబు పూర్తిగా మరచిపోయాను. ఎంత వెతుక్కున్నా ఆ సాయంత్రం దొరకలేదు. బహుశా ఆకలి మీద ఉన్నాను. బహుశా ఆ మాట నాకు నచ్చలేదు.

రెండు రోజులు క్యాసెట్ బల్ల మీదే ఉంది. అది ఉన్నట్టు నాకూ హన్నాకూ తప్ప ఎవరికీ తెలియదు. సొరుగులో పెట్టేసి ఐదో ఉత్తరం రాయవచ్చు. రాయడం మొదలుపెట్టాను కూడా. ఒదీల్ ఆంటీ మీద కోపం వచ్చింది, అది దాచుకోను. అన్ని క్రిస్మస్‌లు విన్నది, ఒక్కసారైనా వద్దన్నానే అని చెప్పలేదు. చెప్పి ఉంటే నాకు ఫోన్ చేయడానికి ఏమి మిగిలేదో కూడా ఆలోచించాను. రే పోయాక ఆమెకు ఫోన్ చేసేవాళ్లు ఎందరుండేవారో. అది ఎంతదాకా నిజమో అడిగి తెలుసుకునే వీలు ఇప్పుడు లేదు. ఒకటి మాత్రం తేలింది. వద్దన్న పేరును నేను బలవంతంగా అచ్చు వేయిస్తే, నాకూ ఆ స్టూడియో యజమానికీ తేడా ఉండదు. ఆమె మాట పక్కనపెట్టి రికార్డు మీద పేరు రాసినవాళ్లలో నేనూ ఒకదాన్నవుతాను.

ప్రభాకర్‌కు ఫోన్ చేశాను. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. టేపు హన్నా తన ఫోన్‌లోకి ఎక్కించింది, అది పంపి వినమన్నాను. పావుగంటలో తిరిగి చేశాడు. గొంతులో తేలిక తెలుస్తోంది.

"చూశారా అక్కా, ఆవిడే వద్దన్నారు పాపం. ఎంత మంచి మనసు! ఇంక ఎందుకు, ఉన్నదాన్ని అలాగే ఉంచేద్దాం."

"ఆవిడ తన పేరు వద్దంది ప్రభాకర్. మీ మావగారి పేరు వేయమనలేదు."

"అంటే... తీసేయమంటారా?"

"తీసేయమంటాను. రచన దగ్గర కూడా ఖాళీయే ఉంచండి, అమ్మా వద్దంది."

"ఖాళీగా వదిలేస్తే ప్రింటింగ్ మిస్టేక్ అనుకుంటారక్కా. ఇండెక్స్‌లో కూడా ఎర్రర్ వస్తుంది, ఆ కాలమ్ నింపకపోతే సాఫ్ట్‌వేర్ ఒప్పుకోదు."

"మీ మావగారు కూడా అదే అన్నారు. అప్పుడు టైపు మిషన్."

"మావయ్యగారు పెద్దాయన. పోయారు కూడా. ఇప్పుడు తీసేస్తే జనం ఏమనుకుంటారు? మీకు ఆయన మీద ఇంకా కోపమా అక్కా?"

"ఉంది. పులిహోర రోజు నుంచీ ఉంది. కాని దీనికీ దానికీ సంబంధం లేదు. టేపు సభలో వినిపించమంటే వినిపిస్తాను. అందులో మీ అత్తగారు అడిగినట్టు విశ్వాసం గురించి ఏమీ లేదు, పేరు గురించే ఉంది."

"ఇది బ్లాక్‌మెయిల్ అక్కా."

"అభ్యాసం అని రాసుంది దాని మీద."

ప్రార్థనాపూర్వకంగా పరిశీలిస్తానన్నాడు. ఈసారి నిజంగానే పరిశీలించినట్టుంది. పుస్తకం అచ్చయి వచ్చింది. నున్నటి కాగితం, ప్రతి పాట పక్కనా ఫోన్‌తో స్కాన్ చేస్తే బాణీ వినిపించే గళ్ల బొమ్మ. మా కాలంలో తప్పు శ్రుతి పడితే కింది నుంచి చీపురుకర్ర తగిలేది. ఇప్పుడు ఫోన్‌లో యాప్ ఎర్రగీత చూపిస్తుందట, హన్నా చెప్పింది. యాప్ మెట్లెక్కి పైకి వచ్చి, ఎందుకు ఆపేశారని అడుగుతుందా అంటే, "నో ఆంటీ, దానికి మీరు ఆపిన సంగతి తెలియదు" అన్నది.

అల్ఫారెట్టా సభల్లో పోటీకి కొత్త నియమం పెట్టారు. ప్రతి పిల్లా పాట సంఖ్య, రచన ఎవరిది, స్వరం ఎవరిది అన్నీ ముందు చెప్పి అప్పుడు పాడాలి. చెప్పకపోతే ఒక మార్కు కోత. దాని మీద నిర్వాహకులకు ఉత్తరం రాద్దామనుకున్నాను, హన్నా వద్దంది. మూడో వరుసలో కూర్చున్నాను. హన్నా మైకు ముందుకు వచ్చి పుస్తకం తెరిచింది. ఆ పేజీలో రచన అన్న మాట పక్కన ఖాళీ, స్వరం అన్న మాట పక్కన ఖాళీ. ముగ్గురు జడ్జీలూ పెన్నులు పట్టుకుని చూస్తున్నారు. నేను వాళ్ల ముఖాలు చూడలేదు.

"రచన, పేరు వద్దు అన్నారు" అన్నది హన్నా, తన అమెరికా యాసలో, తొణక్కుండా. "స్వరం, పేరు వద్దు అన్నారు."

అని పాడటం మొదలుపెట్టింది. రెండో చరణం దగ్గర నా కుడికాలు దానంతటదే లేచింది, నేలమీద రెండు దెబ్బలు వేయడానికి. గాలిలోనే ఆగిపోయింది. అవసరం పడలేదు.